అతుకు మాట

"కరెంటు పోయింది. కూలి తగ్గింది."

ఈ రెండు వాక్యాలు భివండీలో ఎవరికీ కొత్తవి కావు. వీటి మధ్య ఒక్కొక్క మాట పెట్టి చూడండి. "కరెంటు పోయింది. కాబట్టి కూలి తగ్గింది" అంటే లెక్క తేలిపోయింది. మరమగ్గం మీద కూలి నేసిన మీటర్లను బట్టి వస్తుంది. సాంచా ఆగితే మీటర్లు తగ్గుతాయి. మీటర్లు తగ్గితే కూలి తగ్గుతుంది. "కరెంటు పోయింది. పైగా కూలి తగ్గింది" అంటే అర్థం మారిపోయింది. ఇప్పుడవి రెండు వేరు వేరు కష్టాలు. కరెంటు పోవడం ఒకటి, మీటరుకు ఇచ్చే రేటు తగ్గించడం మరొకటి. ఇక "కరెంటు పోలేదు. అయినా కూలి తగ్గింది" అన్నామనుకోండి. అక్కడ ఒక ప్రశ్న పుడుతుంది. ఎందుకు తగ్గింది? ఆ ప్రశ్నకు ఎవరో ఒకరు జవాబు చెప్పవలసి ఉంటుంది.

చిన్న మాట మారితే బాధ్యత ఎవరిదో కూడా మారిపోయింది, గమనించారా?

వ్యాసం బాగా రాయాలంటే అందమైన మాటలు చాలా తెలిసి ఉండాలని ఎక్కువమంది అనుకుంటారు. అటువంటివి పది పదిహేను కంఠస్థం చేసి, పండుగ మీద రాసినా పర్యావరణం మీద రాసినా వాటినే దించుతారు. ఆ శ్రమ తప్పుచోట పడుతున్నదని నా అభిప్రాయం. రాసేవాడు ఏమి చూశాడో నామవాచకాలు చెబుతాయి. చూసినదాన్ని గురించి ఏమి ఆలోచించాడో చెప్పేవి మాత్రం వాక్యానికీ వాక్యానికీ మధ్య ఉండే చిన్న మాటలే. కాని, అయితే, అయినా, కాబట్టి, అందుకే, పైగా, దాంతో, తీరా, ఇంతలో. వీటిని నేను అతుకు మాటలంటాను.

ఈ పేరు మీ ఇళ్ళలో పుట్టినదే. మగ్గం మీద ఒక పడుగు అయిపోవచ్చినప్పుడు నేతపనివారు పాత పోగుల కొసలకు కొత్త పడుగు పోగులను ఒక్కొక్కటిగా అతుకుతారు. చేతిమగ్గం దగ్గర దీన్ని అచ్చు అతకడం అంటారు. ఏ పోగుకు ఏ పోగు కలపాలో చూసుకొని కలపాలి. ఒక పోగు తన చోటు తప్పి పక్క చోటికి పోయిందనుకోండి. మగ్గం ఆగదు, నేత ఆగదు. కాని ఆ తప్పు సన్నని గీతలాగా బట్ట పొడవునా కనబడుతూనే ఉంటుంది. వాక్యాల అతుకు తప్పినా ఇదే జరుగుతుంది. కర్త, కర్మ, క్రియ అన్నీ సరిగానే ఉంటాయి. అక్షరదోషాలు ఒక్కటీ ఉండవు. అయినా చదివేవారికి ఎక్కడో తేడాగా ఉన్నట్లు అనిపిస్తుంది.

తెలుగులో అతుకు రెండు విధాలుగా పడుతుంది. ఒకటి విడిమాటతో పడేది. "అన్న కార్ఖానాకు వెళ్ళాడు. కాని పని దొరకలేదు." రెండోది క్రియ చివరనే పడేది. "అన్న కార్ఖానాకు వెళ్ళి బీము ఎక్కించాడు." ఇక్కడ 'వెళ్ళి' అనడంతోనే రెండు పనులూ వరుసలో కూర్చున్నాయి, వేరే మాట అక్కరలేదు. ఈ రెండో పద్ధతిలో మన భాష చాలా సంపన్నమైనది. 'వచ్చు' అనే ఒక్క క్రియను తీసుకోండి. కరెంటు వస్తే, వచ్చినా, రాగానే, వచ్చేసరికి, వస్తూండగా, వచ్చేదాకా, రాక. ఇందులో ప్రతి రూపమూ తరువాతి వాక్యానికి ఒక్కొక్క తీరు ముడి వేస్తుంది. "కరెంటు వస్తే సాంచా నడుస్తుంది" అనేది మామూలు సంగతి. "కరెంటు వచ్చినా సాంచా నడవలేదు" అంటే సాంచాలో ఏదో చెడిపోయింది, లేదా నడిపేవాడు రాలేదు. ఒక్క 'ఇనా' చేరడంతో అంత కథ వచ్చింది.

చిన్నయసూరి 1858లో బాలవ్యాకరణం రచించాడు. క్త్వార్థం, చేదర్థం, శత్రర్థం, అప్యర్థం అని మీ వ్యాకరణ పాఠంలో చదివే పేర్లు ఈ క్రియారూపాలవే. ఆ పేర్లు వినగానే చాలామంది పిల్లలు భయపడతారు. భయపడవలసింది ఏమీ లేదు. 'చేసి, చేస్తే, చేస్తూ, చేసినా' అని మీ అమ్మ పొద్దున లేచినప్పటి నుంచి వాడుతున్నవే అవి. మన కాలానికి వస్తే, తెలుగు వాక్యాలు ఒకదానిలో ఒకటి ఎలా ఒదుగుతాయో చేకూరి రామారావు తన 'తెలుగు వాక్యం' అనే పుస్తకంలో వివరంగా చర్చించాడు. పెద్ద తరగతులకు వెళ్ళాక దాన్ని వెతికి చదవండి.

మహారాష్ట్రలో చదువుకొనే తెలుగు పిల్లలకు మాత్రమే సులభంగా కనబడే ఒక వింత ఉంది. "వాన వస్తుందని గొడుగు తెచ్చాను" అని మనం అంటాం. మరాఠీలో ఇదే మాటను "పావూస్ యేయీల్ మ్హణూన్ ఛత్రీ ఆణలీ" అంటారు. మన 'అని' అనేది 'అను' అనే క్రియ నుంచి వచ్చింది. అంటే 'పలికి' అని అర్థం. మరాఠీ 'మ్హణూన్' కూడా 'మ్హణణే' నుంచి వచ్చింది. దానికీ 'పలికి' అనే అర్థం. రెండు భాషలూ ఒకే క్రియను ఒకే చోట, అంటే వాక్యఖండం చివర, అతుకుగా వాడుకుంటున్నాయి. ఇరుగుపొరుగున వందల ఏళ్ళు బ్రతికిన భాషలు వాక్యాన్ని కట్టే తీరును కూడా పంచుకుంటాయి. 'మ్హణూన్' పలికే పిల్లవాడికి 'అని' కొత్త కాదు. 'అని' తెలిసిన పిల్లకు 'మ్హణూన్' కష్టం కాదు.

హిందీ పద్ధతి వేరు. హిందీలో అతుకు చాలాసార్లు వాక్యం మొదట్లో పడుతుంది. "అగర్... తో", "జబ్... తబ్", "ఉస్‌నే కహా కి..." అన్నట్లుగా. బజారులో, కార్ఖానాలో, సినిమాలో హిందీ వినీ వినీ మనం తెలుగు మాటలనే హిందీ వరుసలో పేరుస్తున్నాం. "ఎప్పుడైతే కరెంటు వచ్చిందో అప్పుడు సాంచా నడిచింది." తెలుగు మాటలే, తెలుగు అక్షరాలే, కాని నడక తెలుగుది కాదు. "కరెంటు రాగానే సాంచా నడిచింది" అంటే సరిపోయేది. అలాగే "సేఠ్ చెప్పాడు ఏమంటే రేపు సెలవు" అనే బదులు "రేపు సెలవని సేఠ్ చెప్పాడు" అనవచ్చు. రెండో వాక్యం చిన్నది, తేలికగా నోటికి వస్తుంది.

ఇక్కడ ఒక మాట స్పష్టంగా చెప్పాలి. పరభాషా పదాలు వాడితే తెలుగు చెడిపోతుందని నేను అనడం లేదు. బీము, మీటరు, సేఠ్, కార్ఖానా, సాంచా అనకుండా భివండీలో పూట గడవదు, గడవనక్కరలేదు కూడా. వస్తువు ఎక్కడి నుంచి వస్తే పేరు అక్కడి నుంచి వస్తుంది. నా బెంగ 'లేకిన్' గురించి. "నేను వచ్చిన, లేకిన్ నువ్వు లేవు." "వాడు మంచోడే, లేకిన్ కోపం ఎక్కువ." "వాన పడ్డది, లేకిన్ ఆట ఆగలేదు." అన్నింటికీ ఒకటే లేకిన్. తెలుగులో ఈ మూడు చోట్లా మూడు వేరు వేరు అతుకులు పడతాయి. వచ్చాను గాని నువ్వు లేవు. మంచివాడే, కాకపోతే కోపం ఎక్కువ. వాన పడినా ఆట ఆగలేదు. ఒక్క లేకిన్‌తో పని జరిగిపోతుంటే ఈ తేడాలు పిల్లల నోటికి ఎక్కవు. నోటికి ఎక్కని తేడా ఆలోచనలోకి రావడం కూడా కష్టమే.

అంతమాత్రాన ఇంటి మాటను చూసి సిగ్గుపడకండి. మీ తాతలు కరీంనగర్ నుంచో నల్లగొండ నుంచో వరంగల్ నుంచో ఇక్కడికి వచ్చి ఉంటారు. వాళ్ళు 'గందుకే' అంటారు, 'ఇగ' అంటారు, 'గని' అంటారు. పుస్తకంలో ఉన్న అందుకే, ఇక, కాని అనేవి ఇవే. పద్మానగర్‌లో అవ్వ చెప్పే కథలో 'గందుకే' ఎక్కడ పడుతుందో శ్రద్ధగా వినండి. అది సరిగ్గా కారణం తరువాత, ఫలితానికి ముందు పడుతుంది. అవ్వకు వ్యాకరణం పేర్లు తెలియకపోవచ్చు. అతుకు మాత్రం తప్పదు. పరీక్షలో 'అందుకే' రాయండి, ఇంట్లో 'గందుకే' అనండి.

ఇప్పుడు ఒకదానికొకటి దగ్గరగా ఉండే అతుకులను పక్కపక్కన పెట్టి చూద్దాం. మన బడినే ఉదాహరణగా తీసుకుందాం.

"మా బడి చిన్నది. కాని మంచిది." 'కాని' ముందు చెప్పినదానికి ఎదురు తిరుగుతుంది.

"మా బడి చిన్నది. అయితే పక్కన ఖాళీ స్థలం ఉంది." 'అయితే' ఎదురు తిరగదు. కొంచెం పక్కకు జరిగి ఇంకో సంగతి చూపిస్తుంది.

"మా బడి చిన్నది. అయినా పదో తరగతి దాకా నడుస్తోంది." ముందు చెప్పింది అడ్డం కావలసింది. కాని కాలేదు. దాన్ని 'అయినా' చెబుతుంది.

"మా బడి మంచిది. కాకపోతే చిన్నది." అంతా ఒప్పుకొని ఒక్క కొరత మాత్రం చెప్పినట్లు.

'కాని'తో ఇంకో తమాషా ఉంది. "మా బడి చిన్నది కాని మంచిది" అన్నా, "మా బడి మంచిది కాని చిన్నది" అన్నా సమాచారం ఒకటే. అయితే 'కాని' తరువాత వచ్చిన సంగతే వినేవారి మనసులో నిలుస్తుంది. మొదటి వాక్యం విన్న తల్లిదండ్రులు పిల్లవాణ్ణి తెలుగు బడిలో చేర్చవచ్చు. రెండోది విన్నవాళ్ళు ఇంకో బడి ఎక్కడుందని అడుగుతారు. ఏ మాట ముందు, ఏ మాట వెనుక అని ఆలోచించకుండా 'కాని' వాడకూడదు.

'అందుకే', 'దాంతో' అనేవి కూడా ఒకటి కావు. "రోడ్డు మీద లారీ ఆగిపోయింది. దాంతో మేము ఆలస్యంగా వచ్చాం." జరిగింది జరిగినట్లు చెప్పాం. "రోడ్డు మీద లారీ ఆగిపోయింది. అందుకే ఆలస్యంగా వచ్చాం." ఇది సంజాయిషీ. ఎవరో అడిగినట్లు, మనం జవాబు చెబుతున్నట్లు ఉంది. సంజాయిషీ ఇవ్వనక్కరలేని చోట 'అందుకే' వాడితే తప్పు చేసినవాడి గొంతు వినిపిస్తుంది.

'పైగా' అనేది మంచి జరిగినప్పుడు కూడా వస్తుంది గాని, దాని నిజమైన చోటు ఫిర్యాదు. "అప్పు తీర్చలేదు. పైగా ఎదురు తిట్టాడు." ఇక్కడ 'అంతేకాక' పెడితే కోపం చల్లారిపోతుంది. 'తీరా' సంగతి మరీ విచిత్రం. "కల్యాణ్ దాకా నడిచి వెళ్ళాం. తీరా చూస్తే బండి వెళ్ళిపోయింది." పడిన శ్రమంతా వృథా అయిందన్న బాధ మొత్తం ఆ రెండక్షరాలలో ఉంది. దీనికి సరిసమానమైన మాట ఇతర భాషల్లో వెతకబోతే ఒక వాక్యమే రాయవలసి వస్తుంది. ఇంత మంచి మాట పిల్లల వ్యాసాలలో దాదాపు ఎక్కడా కనబడదు. ఎందుకో నాకు తెలియదు.

ఇంతవరకు చెప్పినవి రాతలో మెలకువలు. ఇక చెప్పబోయేది న్యాయానికి సంబంధించినది.

"ఆమె మరమగ్గం కార్మికుడి కూతురు. అయినా తరగతిలో మొదటి స్థానంలో వచ్చింది." బహుమతుల సభల్లో ఇటువంటి వాక్యాలు వింటూంటాం. చెప్పినవారు మెచ్చుకోవడానికే చెప్పారు. కాని ఆ 'అయినా' ఏమంటున్నదో వినండి. కార్మికుడి కూతురు మొదటి స్థానంలో రావడం సహజం కాదంటున్నది. రాకపోవడమే సహజమంటున్నది. ఆ మాట అనే ధైర్యం సభలో ఎవరికీ ఉండదు. 'అయినా' చాటున మాత్రం అందరూ అనేస్తారు. "ఆడపిల్ల. అయినా లెక్కలు బాగా చేస్తుంది" అన్నా ఇంతే. "తెలుగు మాధ్యమంలో చదివాడు. అయినా పెద్ద ఉద్యోగం వచ్చింది" అన్నా ఇంతే. పేదరికం చదువుకు అడ్డం వస్తుందనేది నిజమే. ఆ సంగతే చెప్పదలచుకుంటే విడమరచి చెప్పాలి. "ఇంట్లో చదువుకోవడానికి చోటు లేదు. రాత్రింబగళ్ళు సాంచాల చప్పుడు. అయినా మొదటి స్థానంలో వచ్చింది." ఇప్పుడు 'అయినా' న్యాయంగా ఉంది. అడ్డం చోటు లేకపోవడం, చప్పుడు. తండ్రి చేసే పని కాదు.

అతుకు ఇంతకంటే పెద్ద కీడు కూడా చేయగలదు. ఒక పేటకు కొత్తగా కొన్ని కుటుంబాలు వచ్చాయి. ఆ నెలలో పేటలో ఒక దొంగతనం జరిగింది. రెండూ నిజాలే. వీటి మధ్య ఎవరో 'అందుకే' అనే మాట పెట్టారు. దాన్నే పుకారు అంటాం. చాలా పుకార్లలో అబద్ధం వాక్యంలో ఉండదు, అతుకులో ఉంటుంది. తెలంగాణ నుంచి, ఉత్తరప్రదేశ్ నుంచి, బీహారు నుంచి, ఇంకా ఎన్నో చోట్ల నుంచి వచ్చినవాళ్ళతో పెరిగిన పట్టణం మనది. 1970లోనూ 1984లోనూ ఘోరమైన అల్లర్లు చూసిన పట్టణం కూడా. ఇటువంటి చోట ఎవరైనా 'అందుకే' అన్నప్పుడు "ఎలా తెలుసు?" అని అడగడం చదువుకున్న పిల్లలు చేయవలసిన పని.

ఒక చిన్న అతుకు మంచి కూడా చేస్తుంది. దానికి సాక్ష్యం మన రాజ్యాంగంలోనే ఉంది. అల్పసంఖ్యాక వర్గాలు తమకు నచ్చిన విద్యాసంస్థలను స్థాపించుకొని నిర్వహించుకోవచ్చునని 30వ అధికరణం చెబుతోంది. ఆ వర్గాలు ఎటువంటివి? మతం ఆధారంగా లేదా భాష ఆధారంగా ఏర్పడినవి. ఆ మధ్యలోని 'లేదా'ను చూడండి. దాని చోట 'మరియు' ఉండి ఉంటే, మతంలోనూ భాషలోనూ కూడా తక్కువ సంఖ్యలో ఉన్నవారికే ఆ హక్కు వర్తిస్తుందని వాదించే వీలుండేది. మహారాష్ట్రలోని తెలుగువారిలో ఎక్కువమంది మతం విషయంలో ఇక్కడి అధికసంఖ్యాకులతోనే కలుస్తారు. భాషలో మాత్రమే వేరు. ఆ 'లేదా' ఉన్నందువల్లనే వారికీ ఈ హక్కు దక్కింది. భాషాపరంగా అల్పసంఖ్యాకులెవరో దేశం మొత్తాన్ని బట్టి కాక రాష్ట్రాన్ని బట్టి చూడాలని సుప్రీంకోర్టు 2002లో పదకొండుగురు న్యాయమూర్తుల ధర్మాసనం ద్వారా తీర్పు చెప్పింది. కోట్లమంది మాట్లాడే తెలుగు మహారాష్ట్రలో అల్పసంఖ్యాక భాష కావడం అలాగే.

అదే అధికరణంలో ఇంకో అతుకు ఉంది. స్థాపించడం, నిర్వహించడం అనే రెండు పనులనూ ఆంగ్ల పాఠంలో 'అండ్' అనే మాట కలుపుతోంది. ఈ రెండూ విడివిడి హక్కులా, కలిసి ఉన్నవా? అలీగఢ్ ముస్లిం విశ్వవిద్యాలయానికి సంబంధించిన వ్యాజ్యంలో 1967లో ఈ ప్రశ్న వచ్చింది. రెండింటినీ కలిపే చదవాలని, తాము స్థాపించిన సంస్థనే నిర్వహించుకొనే హక్కు ఉంటుందని సుప్రీంకోర్టు అప్పుడు చెప్పింది. ఆ తీర్పులోని మరో అంశాన్ని, అంటే చట్టం ద్వారా ఏర్పడిన సంస్థ గురించి చెప్పిన భాగాన్ని, 2024 నవంబరులో ఏడుగురు న్యాయమూర్తుల ధర్మాసనం తోసిపుచ్చింది. అందులోనూ నలుగురు ఒకవైపు, ముగ్గురు ఒకవైపు. ఎవరు స్థాపించినట్లు, ఎవరు నడిపినట్లు అనే తర్కం యాభై ఏళ్ళకు పైగా సాగింది. అతుకు మాటలు బడిపిల్లల తలనొప్పి మాత్రమేనని ఇకమీదట ఎవరూ అనలేరు.

'మరియు' మాట వచ్చింది కాబట్టి దాని సంగతి కూడా చెప్పేస్తాను. ఇది కొత్త మాట కాదు. పోతన భాగవతంలో వచనాలు చాలాచోట్ల 'మఱియు' అని మొదలవుతాయి. 'అంతేకాదు, ఇంకా వినండి' అని దాని భావం. ఒక పద్యం నుంచి మరో ఘట్టానికి దాటించే చక్కని అతుకది. ఇప్పుడు దాన్ని ఆంగ్లంలోని 'అండ్'కు బదులుగా రెండు పేర్ల మధ్య కుక్కుతున్నారు. "ఉప్పు మరియు పప్పు", "అమ్మ మరియు నాన్న". అమ్మానాన్నలను కలపడానికి తెలుగులో మధ్యవర్తి కావాలా? ఉప్పూ పప్పూ, అన్నా చెల్లెలూ అని చివరి అచ్చు కాస్త సాగదీస్తే చాలు. చట్టంలో, ఒప్పందపత్రంలో సందేహం లేకుండా ఉండటానికి 'మరియు' అవసరం కావచ్చు. అవ్వకు రాసే ఉత్తరంలో అక్కరలేదు.

పిల్లలు ఎక్కువగా వాడే అతుకు ఇంకొకటి ఉంది. అది 'తరువాత'. "ఉదయం లేచాం. తరువాత స్నానం చేశాం. తరువాత బస్సు ఎక్కాం. తరువాత కోట చూశాం." ఇందులో తప్పు లేదు, రుచి కూడా లేదు. గడియారం చెప్పే పనిని వాక్యం చేస్తున్నది. పద్మశాలీల ఇళ్ళలో పెద్దలకు కూనపులివారి సంగతి తెలిసి ఉంటుంది. వాళ్ళు మార్కండేయుడి కథను, భావనారుషి కథను పొడవాటి బొమ్మల పటం మీద చూపుతూ చెబుతారు. అటువంటి పటాలు ఇప్పటి సిద్దిపేట జిల్లాలోని చేర్యాలలో నకాషీ చిత్రకారులు వేస్తారు. పటం మీద ఒక బొమ్మ, దాని కింద ఇంకో బొమ్మ. వాటి మధ్య ఒక్క రోజు గడిచిందా, పన్నెండేళ్ళు గడిచాయా? మొదటిది జరిగినందువల్ల రెండోది జరిగిందా, మొదటిది జరిగినా రెండోది జరిగిందా? పటం చెప్పదు. కథ చెప్పేవాడి నోరే చెప్పాలి. అతడు కూడా ప్రతి బొమ్మకూ 'తరువాత, తరువాత' అని ఊరుకుంటే వినేవాళ్ళు లేచి వెళ్ళిపోతారు.

అలాగని ప్రతి వాక్యానికీ ఒక అతుకు మాట తగిలించాలని కాదు. ముడి మీద ముడి పడితే బట్ట గరుకెక్కుతుంది. రెండు సంగతులు పక్కన పెట్టగానే సంబంధం దానంతట అదే తెలుస్తుంటే అతుకు మానేయవచ్చు. "నాన్న వచ్చాడు. ఇల్లంతా నవ్వులు." ఇక్కడ 'కాబట్టి' పెట్టేవాడికి నవ్వు విలువ తెలియదు.

చివరగా ఒక అర్జీ చూద్దాం. ఒక బడి ముందు మురుగు కాలువ నిండిపోయిందనుకోండి. పిల్లలు ఇలా రాశారు:

"కాలువ నిండిపోయింది. మురుగు రోడ్డు మీదికి వస్తోంది. చిన్న పిల్లలు జారిపడుతున్నారు. పోయిన నెల అర్జీ ఇచ్చాం. ఎవరూ రాలేదు. వానాకాలం వస్తోంది. బాగు చేయించండి."

అన్నీ నిజాలే. కాని చదివే అధికారికి ఇవి ఏడు విడి సంగతులు. ఏడింటిలో ఏది ముఖ్యమో ఆయనే వెతుక్కోవాలి. ఇప్పుడు అతుకుదాం.

"కాలువ నిండిపోయి మురుగు రోడ్డు మీదికి వస్తోంది. దాంతో చిన్న పిల్లలు జారిపడుతున్నారు. పోయిన నెల అర్జీ ఇచ్చాం. అయినా ఎవరూ రాలేదు."

ఇక్కడ 'అయినా' సరిగ్గా పడింది. అర్జీ ఇస్తే మనిషి రావాలి, రావడం సహజం, రాలేదు. 'కాని' పెట్టినా తప్పు కాదు, కొంచెం మెత్తబడుతుంది. మిగిలింది వానాకాలం. "పైగా వానాకాలం వస్తోంది" అని రాయవచ్చు, "వానాకాలం వస్తోంది, కాబట్టి వెంటనే బాగు చేయించండి" అని రాయవచ్చు. మొదటిది కష్టాన్ని పెంచి చూపుతుంది. రెండోది పని అడుగుతుంది. ఈ అర్జీని మీరు మరాఠీలో రాయవలసి రావచ్చు. అక్కడా 'పణ్', 'తరీహీ', 'శివాయ్', 'మ్హణూన్' అని వేరు వేరు అతుకులు సిద్ధంగా ఉన్నాయి. తెలుగులో 'అయినా' ఎందుకు పెట్టామో తెలిసినవారికి అక్కడ 'తరీహీ' వెంటనే దొరుకుతుంది. వానాకాలం దగ్గర నేనైతే 'కాబట్టి' పెట్టి, 'వెంటనే' అనే మాట కొట్టేసి, 'వానలు మొదలయ్యేలోగా' అని రాస్తాను. అప్పుడు అధికారికి గడువు కూడా తెలుస్తుంది.